స్పైరల్ చిప్: బ్యాండ్ గీత గీసినట్టుంది, లోపలి ఔట్‌లెట్‌లో మాత్రం 6 మైక్రాన్ల పూసలు ఆగట్లేదు

స్పైరల్_సుబ్బు (#1)
స్పైరల్ చిప్‌లో, అంటే చుట్టగా తిరిగే సన్నటి ఛానెల్‌లో నీళ్ళతో పాటు పంపి, 15 మైక్రాన్ల పూసల్ని 6 మైక్రాన్ల వాటి నుంచి విడదీయాలి. మైక్రోస్కోప్‌లో చూస్తే లోపలి గోడ పక్కన, గోడకి 90 మైక్రాన్ల దూరంలో, స్కేలు పెట్టి గీసినట్టు బ్యాండ్ కనిపిస్తోంది. తీరా పట్టిన నీళ్ళు తీసి లెక్కపెడితే లోపలి ఔట్‌లెట్ నిండా 6 మైక్రాన్లవే. వేసిన 6 లలో 40 శాతం పైగా అటే పోతున్నాయి. 15 లు మాత్రం బుద్ధిగా 95 శాతం దాకా లోపలికే వస్తున్నాయి.

ఛానెల్ వెడల్పు 500 మైక్రాన్లు, ఎత్తు 110, పొడవు 13 సెం.మీ., సగటు వ్యాసార్థం 10 మి.మీ. ఇన్‌లెట్ ఒకటే. చివర చీలిక దగ్గర లోపలి కొమ్మ 150 వెడల్పు, బయటి కొమ్మ 350, రెండూ 5 మి.మీ. పొడవు. ఫ్లో నిమిషానికి 1 మి.లీ. నీళ్ళలో 0.1 శాతం ట్వీన్ 20 (పూసలు అంటుకోకుండా వేసే సబ్బు లాంటిది). సిరంజి 20 మి.లీ. ప్లాస్టిక్‌ది. పూసలు పాలీస్టైరీన్, రెండూ ఆకుపచ్చ ఫ్లోరసెంట్.

ఫ్లో 0.6 నుంచి 1.6 దాకా మార్చి చూసినా బ్యాండ్ కాస్త అటూ ఇటూ జరుగుతోంది తప్ప 6 ల వాటా తగ్గట్లేదు. డిజైన్ మార్చాలా?

బుడగ (#2)
రెండూ ఆకుపచ్చేనా? సరిపోయింది. బఠాణీలు తెచ్చుకుని కూర్చుంటా, ఇది పొడుగు దారమే.

లామినార్_లక్ష్మి (#3)
బుడగ వెటకారంగా అన్నా విషయం అదే. రంగు పూస లోపలంతా నిండి ఉండే రకమైతే వెలుగు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. 15 ని 6 తో భాగించి ఘనం చేయండి, 15.6 వస్తుంది. ఒక 15 మైక్రాన్ల పూస పదిహేను 6 ల వెలుగు ఇస్తుందన్నమాట. పైగా 15 లన్నీ ఒకే గీత మీద నడుస్తున్నాయి, 6 లు 500 మైక్రాన్ల వెడల్పంతా పరుచుకున్నాయి. 15 లు మాడిపోకుండా ఎక్స్‌పోజర్ పెడితే 6 లు నేపథ్యంలో కలిసిపోతాయి. మీకు కనిపించే అందమైన గీత 15 లది మాత్రమే.

6 లు ఒక్కటే వేసి నడపండి. ఎక్స్‌పోజర్ 10, 15 రెట్లు పెంచండి. పూసల్లేని నీళ్ళతో అదే సెట్టింగ్‌లో ఒక ఫోటో తీసి, దాన్ని తీసివేయండి. ఫోటో స్పైరల్ మధ్యలో కాదు, చీలికకి 3, 4 మి.మీ. ముందు తీయాలి. వెడల్పు వెంట వెలుగు గ్రాఫ్ గీస్తే 6 లు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

రేనాల్డ్స్_రాజు (#4)
లెక్క చేసి చూద్దాం. అడ్డకోత 500 × 110, ఫ్లో 1 మి.లీ. అంటే సగటు వేగం సెకనుకి 0.30 మీటర్లు. హైడ్రాలిక్ వ్యాసం 180 మైక్రాన్లు, రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ఊపుకీ చిక్కదనానికీ నిష్పత్తి) 55 ప్రాంతం, డీన్ సంఖ్య (మలుపు వల్ల పుట్టే సుడి బలం) 5.2. పూస సైజుని ఛానెల్ ఎత్తుతో భాగిస్తే 15 కి 0.136, 6 కి 0.055. ఫోకస్ అవ్వాలంటే, అంటే ఒకే గీత మీదికి చేరాలంటే, 0.07 దాటాలన్నది వాడుకలో ఉన్న గీటురాయి. 15 దాటింది, 6 దాటలేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 6 ఫోకస్ కాదు అంటే బయటికి పోతుందని కాదు. అది నీళ్ళతో పాటు డీన్ సుడుల్లో (మలుపులో నీళ్ళు అడ్డంగా తిరిగే సుడులు) గిరగిరా తిరుగుతూ వెడల్పంతా ఉంటుంది. కాబట్టి ఒకే ఇన్‌లెట్ ఉన్న స్పైరల్‌లో లోపలి ఔట్‌లెట్‌కి ఎన్ని శాతం నీళ్ళు పోతే సుమారు అన్ని శాతం 6 లు పోతాయి. చిప్‌ని తిట్టి లాభం లేదు, అది ఒప్పుకున్న పని అంతే.

స్పైరల్_సుబ్బు (#5)
రాజు గారూ, అదే నిజమైతే లోపలి కొమ్మ 150, మొత్తం 500, అంటే 30 శాతం రావాలి కదా. 40 పైన ఎందుకొస్తోంది?

గొట్టాల_గోపి (#6)
వెడల్పు నిష్పత్తే ఫ్లో నిష్పత్తి అని ఎవరు చెప్పారు మీకు? ఔట్‌లెట్ గొట్టాలు ఎంత పొడవు, లోపలి వ్యాసం ఎంత, చివర్లు ఎక్కడ ఉన్నాయి? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ తేల్చలేరు.

ఈలోగా ఒక పని చేయండి. పూసలొద్దు, ఉత్త నీళ్ళే. ఫ్లో పెట్టి 2 నిమిషాలు వదిలేయండి, అప్పుడు ఖాళీ బరువు తీసిన రెండు ట్యూబుల్లోకి సరిగ్గా 5 నిమిషాలు పట్టండి. తూచండి. మొత్తం 5 గ్రాముల దగ్గర రావాలి. రాకపోతే పంపులో సిరంజి వ్యాసం తప్పు కొట్టారు. 20.1 మి.మీ. సిరంజికి 19.1 అని కొడితే ఫ్లో 11 శాతం ఎక్కువ పోతుంది, వ్యాసం వర్గంలో ఉంటుంది కాబట్టి.

స్పైరల్_సుబ్బు (#7)
తూచా. లోపలిది 2.07 గ్రా., బయటిది 2.88. మొత్తం 4.95. అంటే లోపలికి 42 శాతం!

గొట్టాలు రెండూ లోపల 0.5 మి.మీ., బయట 1.5 మి.మీ. లోపలి ఔట్‌లెట్ గొట్టం 30 సెం.మీ. బయటిది 60, వేస్ట్ బాటిల్ బల్ల అవతలి చివర ఉంటుంది కాబట్టి. లోపలిది 15 మి.లీ. ట్యూబులోకి పైనుంచి చుక్కలుగా పడుతుంది, బయటిది బాటిల్ నీళ్ళలో మునిగి ఉంది.

గొట్టాల_గోపి (#8)
దొంగ దొరికాడు. కింద ఉన్న అంకెలన్నీ 10¹¹ పాస్కల్ సెకను / ఘనమీటరు యూనిట్లలో అనుకోండి, ప్రతిసారీ రాయను.

లోపలి కొమ్మ 150 × 110 × 5 మి.మీ.: నిరోధం 5.6.
బయటి కొమ్మ 350 × 110 × 5 మి.మీ.: 1.6.
0.5 మి.మీ. గొట్టం 30 సెం.మీ.: 2.0. అదే 60 సెం.మీ. అయితే 3.9.

గొట్టాలే లేకపోతే లోపలికి 1.6 / (1.6 + 5.6), అంటే 22 శాతం. రెండింటికీ 30 సెం.మీ. గొట్టం పెడితే లోపల 7.6, బయట 3.6, వాటా 32 శాతం. మీలా బయటిదానికి 60 పెడితే బయట 5.5, వాటా 42 శాతం. మీ తూకం కూడా 42 అంటోంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఒకే సైజు గొట్టం రెండు వైపులా ఎంత పొడవు పెడితే నిష్పత్తి అంతగా సగం సగం వైపు జరుగుతుంది. ఈ విషయం డిజైన్ బొమ్మలో ఎక్కడా కనిపించదు.

ఇంకో సంగతి. 150 మైక్రాన్ల దగ్గర గీత గీసి కోయాలంటే లోపలికి 30 కాదు, 27 శాతమే పోవాలి. పక్కగోడ దగ్గర నీళ్ళు నెమ్మది, ఎత్తులో మూడో వంతు వెడల్పు దాదాపు పోయినట్టే లెక్క. 42 శాతం పోతోందంటే మీ చీలిక 150 దగ్గర కాదు, 215 మైక్రాన్ల దగ్గర కోస్తోంది. 15 లు 90 దగ్గర ఉన్నాయి కాబట్టి వాటికేం కాలేదు. ఆ అదనపు 65 మైక్రాన్ల పట్టీలో వచ్చేవన్నీ 6 లే.

బుడగ (#9)
క్లీన్‌రూమ్‌లో వారం తపస్సు చేసి చేసిన చిప్‌ని జానెడు గొట్టం ఓడించింది.

మైక్రాన్_మామ (#10)
నాకు నమ్మబుద్ధి కావట్లేదు. చిప్ నిరోధం ముందు 0.5 మి.మీ. గొట్టం ఏపాటిది? 40 × 80 సూటి ఛానెల్, 3 సెం.మీ. తీసుకోండి. నిరోధం గోపి యూనిట్లలో 1000 పైన. 100 మైక్రోలీటర్లకే 1.7 బార్ కావాలి. అక్కడ 30 సెం.మీ. గొట్టం 2 అంటే సముద్రంలో కాకిరెట్ట.

గొట్టాల_గోపి (#11)
మామా, మీ అంకె కరెక్టే, ప్రశ్నే వేరు. మొత్తం ఫ్లో ఎంత అన్నది మొత్తం నిరోధం చూస్తుంది, అదీ ప్రెషర్ పంపు వాడితే. సిరంజి పంపు దాన్నీ పట్టించుకోదు. కానీ చీలిక దగ్గర ఎటు ఎంత అన్నదాన్ని చీలిక *తర్వాత* ఉన్న నిరోధాలే తేలుస్తాయి. చీలికకి ముందు స్పైరల్‌లో 45 కిలోపాస్కల్ పడిపోయినా, 450 పడిపోయినా దానికి ఓటు హక్కు లేదు. మీ సూటి ఛానెల్‌కైనా చివర్లో వెడల్పు కొమ్మలు పెడితే ఇదే జరుగుతుంది.

మైక్రాన్_మామ (#12)
ఒప్పుకున్నా. చీలిక తర్వాత అన్న మాట ముందే అనుంటే నోరెత్తేవాణ్ణి కాదు.

లామినార్_లక్ష్మి (#13)
గోపి గారు వదిలేసినవి రెండు.

ఒకటి, చివర్ల ఎత్తు. రెండు గొట్టాలూ 30 సెం.మీ. ఉన్నప్పుడు చీలిక నుంచి బయటికి మొత్తం 4 కిలోపాస్కల్ మాత్రమే పడుతుంది. ఒక ట్యూబు ఇంకోదానికన్నా 10 సెం.మీ. కింద ఉంటే 980 పాస్కల్, అంటే నాలుగో వంతు. బాటిల్ స్టూలు మీద పెట్టినా, బల్ల మీద పెట్టినా ఫలితం మారిపోతుంది.

రెండు, చుక్క. 1.5 మి.మీ. గొట్టం చివర వేలాడే చుక్కలో ఉపరితల తన్యత వల్ల, ఉత్త నీళ్ళైతే దాదాపు 190 పాస్కల్, ట్వీన్ ఉంటే అంతకన్నా తక్కువ, ఎదురు ప్రెషర్ ఉంటుంది, చుక్క రాలగానే పోతుంది, మళ్ళీ పెరుగుతుంది. మైక్రోస్కోప్‌లో చీలిక దగ్గర బ్యాండ్ లయగా ఊగుతుంటే అది పంపు కాకపోవచ్చు, చుక్కలు పడే లయతో పోల్చి చూడండి. రెండు చివర్లూ ముందే కాస్త నీళ్ళు పోసిన ట్యూబుల్లో, ఒకే మట్టంలో ముంచి పెట్టండి. ముందు పోసిన నీళ్ళ బరువు లెక్కలోంచి తీసేయడం మర్చిపోవద్దు.

కొత్త_పూస (#14)
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. పెద్దవి అసలు లోపలి గోడకే ఎందుకు చేరతాయి? బండి మలుపు తిరిగితే మనం బయటికి తూలతాం కదా. బరువైనవి బయటికే పోవాలిగా?

రేనాల్డ్స్_రాజు (#15)
పాలీస్టైరీన్ నీటికన్నా 5 శాతమే బరువు, ఆ తూలుడు ఇక్కడ లెక్కలోకి రాదు. మధ్య ఎత్తులో నీళ్ళు వేగంగా ఉంటాయి కాబట్టి మలుపులో అవి బయటి గోడ వైపు తోసుకుపోతాయి. ఆ ఖాళీ నింపడానికి పైకప్పు, అడుగు వెంట నీళ్ళు లోపలి గోడ వైపు తిరిగొస్తాయి. అవే డీన్ సుడులు, పైన ఒకటి, కింద ఒకటి. గోదావరి మలుపు తిరిగే చోట లోపలి ఒడ్డున ఇసుక మేట వేసేది ఇలాంటి అడ్డ ప్రవాహం వల్లే.

దీనికి తోడు లిఫ్ట్ బలం. వేగం మారే తీరు పూసని గోడ వైపు తోస్తుంది, గోడ దగ్గరికి రాగానే గోడే వెనక్కి నెడుతుంది. సెగ్రే, సిల్బర్‌బర్గ్ 1961 లో సెంటీమీటరు ప్రాంతపు సూటి గొట్టంలోనే దీన్ని చూపించారు, పూసలన్నీ వ్యాసార్థంలో 0.6 వంతు దగ్గర వలయంగా చేరాయి. స్పైరల్‌లో లోపలి గోడ పక్కన మాత్రం లిఫ్ట్ గోడ వైపు, డీన్ లాగుడు బయటికి, రెండూ ఎదురెదురుగా నిలబడి పూసని పట్టి ఉంచుతాయి. లిఫ్ట్ పూస సైజుతో చాలా వేగంగా పెరుగుతుంది, లాగుడు సైజుతో సమానంగానే పెరుగుతుంది. అందుకే పెద్దది నిలబడుతుంది, చిన్నది కొట్టుకుపోతుంది.

బుడగ (#16)
గోదావరి ఇసుక మేటలో కూడా లోపలి ఔట్‌లెట్ వాటా కోసం కొట్లాటే గురూ.

మైక్రాన్_మామ (#17)
రాజు గారి #4 కి ఒక అభ్యంతరం. 0.07 గీటురాయిని ఎత్తుతో కాదు, హైడ్రాలిక్ వ్యాసంతో చూడాలి. అప్పుడు 15 కి 0.083 మాత్రమే, అంచు మీద ఉన్నట్టు. సుబ్బు 12 మైక్రాన్ల వాటికి మారితే ఎత్తు లెక్కలో పాస్, వ్యాసం లెక్కలో ఫెయిల్.

రేనాల్డ్స్_రాజు (#18)
చతురస్రపు ఛానెల్‌లో రెండూ ఒకటే కాబట్టి గొడవ లేదు. పలచటి వెడల్పు ఛానెల్‌లో వేగం వాలు చిన్న కొలతని బట్టే ఉంటుంది, అందుకే ఎత్తు. ఈ చిప్‌లో 10 మైక్రాన్ల పూసలు కూడా పట్టీ కడతాయి, 15 లంత సన్నగా కాదు, అంతే. వ్యాసం లెక్కలో 0.055 కాబట్టి కట్టకూడదు. 10 లు వేసి చూస్తే తేలిపోతుంది.

పీడీఎంఎస్_పెద్దన్న (#19)
ఎత్తు 110 అన్నారు, మోల్డ్ (అచ్చు) మీదా, పీడీఎంఎస్ (అందులో పోసిన సిలికోన్ రబ్బరు చిప్) మీదా? ఎత్తు ఘనంలో ఉంటుంది. 110 అనుకున్నది 100 అయితే నిరోధం మూడో వంతు పెరుగుతుంది. ఒక చిప్ బలిచ్చి, స్పైరల్‌కి అడ్డంగా కొత్త బ్లేడుతో కోసి, ఆ ముక్కని నిలబెట్టి 10 రెట్ల లెన్స్ కింద చూడండి. ఇన్‌లెట్ దగ్గరా, ఔట్‌లెట్ దగ్గరా రెండు చోట్లా కోయాలి. ఎస్‌యూ-8 (అచ్చు చేసే పూత) వేఫర్ అంచు వైపు మందంగా తేలడం మామూలే.

సిల్గార్డ్ 184 (పీడీఎంఎస్ రకం) ని గట్టిపరిచే మందుతో 10:1 కలిపి 80 డిగ్రీల్లో 2 గంటలు ఉడికిస్తే 1 నిమి.మి.లీ. దగ్గర ఉబ్బు కొన్ని మైక్రాన్లే. 3 మి.లీ.కి పోతే మాత్రం 500 వెడల్పు పైకప్పు ఇన్‌లెట్ వైపు బాగా లేస్తుంది, అప్పుడు లెక్కలన్నీ గాలికే. పైన 5 మి.మీ. కన్నా తక్కువ మందం పోయొద్దు, పలచగా ఉంటే గొట్టాలు కూడా నిలబడవు.

కన్నాలు ఛానెల్ వైపు నుంచే పొడవండి, పంచ్ అవతలికి పూర్తిగా దిగాక లోపలి బిళ్ళ బయట పడిందో లేదో చూసుకోండి. ఆ బిళ్ళ సగం తెగి కన్నంలో వేలాడితే ఒక కొమ్మ నిరోధం ఎంతో దేవుడికే తెలియాలి. మొండి పంచ్ వాడితే పీడీఎంఎస్ పొట్టు రాలి నేరుగా చీలిక ముక్కు మీద కూర్చుంటుంది.

స్పైరల్_సుబ్బు (#20)
కోసి చూశా, రెండు చోట్లా 108, 109. పోనీ అది బాగుంది. 1 నిమి.మి.లీ. అంటే ఏంటన్నా?

పీడీఎంఎస్_పెద్దన్న (#21)
నిమిషానికి మి.లీ. నాయనా, వేళ్ళు తడబడ్డాయి.

ఉప్పునీళ్ళు (#22)
సిరంజి పడుకోబెట్టి నడుపుతున్నారా? 15 మైక్రాన్ల పాలీస్టైరీన్ నీళ్ళలో సెకనుకి 6 మైక్రాన్లు దిగుతుంది. 10 నిమిషాల్లో 3.7 మి.మీ. సిరంజి ముక్కు మధ్యలో ఉంటుంది, పూసలు అడుగున పరుపు వేసుకుంటాయి. మొదటి 5 మి.లీ.లోనూ చివరి 5 మి.లీ.లోనూ 15 ల సాంద్రత ఒకటి కాదు. 6 లు సెకనుకి మైక్రాను మాత్రమే దిగుతాయి, అవి అలాగే వస్తుంటాయి. అంటే మీరు లెక్కపెట్టే 15:6 నిష్పత్తి సమయంతో పాటు కదులుతోంది, చిప్‌కి సంబంధం లేకుండా.

పూసలకే అయితే 7 శాతం ఉప్పునీళ్ళు, బరువుతో బరువు. సాంద్రత 1.05 వస్తుంది, పూస నీళ్ళలో తేలదు, మునగదు. చిక్కదనం పెద్దగా మారదు. గ్లిజరాల్ 20 శాతం కూడా అదే సాంద్రత ఇస్తుంది కానీ చిక్కదనం 1.8 రెట్లవుతుంది, రేనాల్డ్స్ సంఖ్య 55 నుంచి 31 కి పడిపోతుంది, మళ్ళీ ఫ్లో అంతా సరిచేసుకోవాలి.

బుడగ (#23)
7 శాతం ఉప్పు, ఊరబెట్టాలా గురూ? మామిడికాయలు ఏ ఔట్‌లెట్‌లో వస్తాయి?

లామినార్_లక్ష్మి (#24)
నవ్వులాట సరే, కణాలకి ఈ ఉప్పు వాడొద్దు, ఎండు మిరపకాయల్లా ముడుచుకుపోతాయి. కణాలకైతే అయోడిక్సనాల్ (కణాల్ని ముడవకుండా సాంద్రత పెంచే ద్రవం), 60 శాతం స్టాక్ సాంద్రత 1.32. సుమారు ఆరో వంతు కలిపితే 1.05. లేదా సిరంజిలో చిన్న అయస్కాంత గుండు వేసి బయటి నుంచి అప్పుడప్పుడూ దొర్లించండి.

ఉప్పు వాడాక చిప్‌ని నీళ్ళతో కడగకుండా వదిలేస్తే రాత్రికి రాత్రి గడ్డకట్టి కొమ్మ మూసుకుపోతుంది. పీడీఎంఎస్‌లోంచి నీటి ఆవిరి పోతూనే ఉంటుంది.

పిల్లర్_పక్షం (#25)
ఇంత పాట్లు ఎందుకు? స్తంభాల వరుస పెట్టండి. 2004 లో వచ్చిన పద్ధతి, వరుసలు కొద్దిగా వాలుగా ఉంటాయి, పెద్దవి వాలు వెంట పక్కకి జరుగుతాయి, చిన్నవి నీళ్ళతో సూటిగా పోతాయి. హద్దు సైజు = 1.4 × సందు × వాలు పవర్ 0.48. సందు 20, వాలు 0.1 అయితే 9.3 మైక్రాన్లు. 15 పక్కకి, 6 సూటిగా. సుడులు లేవు, వేగం సతాయింపు లేదు.

మైక్రాన్_మామ (#26)
సందు 20, పూస 15. రెండు 15 లు అతుక్కుని వచ్చాయంటే మొదటి వరుసలోనే ట్రాఫిక్ జామ్. పైగా సుబ్బు స్పైరల్‌లో 20 మి.లీ. 20 నిమిషాల్లో పోతుంది. స్తంభాల చిప్‌లో ఆ నీళ్ళు పోయించాలంటే ఉగాది నుంచి సంక్రాంతి దాకా.

పిల్లర్_పక్షం (#27)
సమాంతరంగా పదో ఇరవయ్యో వరుసలు పెడితే ఫ్లో వస్తుంది. ముందు జల్లెడ స్తంభాలు పెడితే జంటలు ఆగిపోతాయి. శుద్ధత విషయంలో స్పైరల్ దీని దరిదాపుల్లోకి రాదు, అది మాత్రం ఒప్పుకోండి.

మైక్రాన్_మామ (#28)
శుద్ధత ఒప్పుకుంటా. ఫ్లో మీరు ఒప్పుకోండి. ధ్వని తరంగాల సంగతి ఎవరైనా ఎత్తేలోపు నేనే చెప్పేస్తా: 375 మైక్రాన్ల వెడల్పు, 2 మెగాహెర్ట్జ్ దగ్గర, సిలికాన్ గాజు చిప్‌లో అద్భుతంగా పనిచేస్తుంది. పీడీఎంఎస్ ధ్వనిని మింగేస్తుంది, సుబ్బు దగ్గరున్నది పీడీఎంఎస్.

స్పైరల్_సుబ్బు (#29)
గొట్టాలు రెండూ 10 సెం.మీ.కి కోసేశా. రెండు చివర్లూ ఒకే మట్టంలో ముంచా. 7 శాతం ఉప్పు. తూకం: ఉప్పునీటి సాంద్రత సరిచేశాక లోపల 1.33 మి.లీ., బయట 3.63. అంటే 27 శాతం. 6 ల వాటా 28 శాతానికి దిగింది. లక్ష్మి గారు చెప్పిన ఫోటో కూడా తీశా. 6 లు నిజంగానే గోడ నుంచి గోడ దాకా పొగమంచులా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నాకు కనిపించనే లేదు.

గొట్టాల_గోపి (#30)
10 సెం.మీ. గొట్టం 0.65. లోపల 6.25, బయట 2.25, వాటా 26.5. తూకం 27. ఇక గొట్టాలతో ఆడుకోండి.

లోపలి గొట్టం చివర 0.25 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ముక్క తగిలించండి. వ్యాసం సగమైతే నిరోధం 16 రెట్లు. 2.5 సెం.మీ. ముక్క 2.6 ఇస్తుంది, ఆ పొడవు మేరకు పాత గొట్టం కోసేయండి. వాటా 21 దగ్గరికి వస్తుంది, కోత 125 మైక్రాన్ల దగ్గర పడుతుంది. 5 సెం.మీ. పెడితే వాటా 17, కోత 108. బ్యాండ్ 90 దగ్గర, పూస సగం 7.5, అంటే బ్యాండ్ అంచు 97, 98. 108 కి పోతే కత్తి మీద సాము, పంపు కాస్త తడబడినా 15 లు బయటికి జారతాయి. 2.5 దగ్గర ఆగండి.

రేనాల్డ్స్_రాజు (#31)
ఎంత బిగించినా వాటా కన్నా కిందికి 6 లు దిగవు, #4 లో చెప్పిందే. దిగాలంటే రెండో ఇన్‌లెట్ కావాలి. పూసలున్న ద్రవం బయటి గోడ వైపు 100 మైక్రోలీటర్లు, ఉత్త నీళ్ళు లోపలి వైపు 900. పూసల పాయ బయటి గోడ పక్కన 78 మైక్రాన్ల పట్టీగా మొదలవుతుంది. 15 లు దారిలో లోపలి గోడ దగ్గర ఆగిపోతాయి. 6 లు సుడితో లోపలికి వచ్చి, తిరిగి బయటి గోడకి చేరతాయి.

ఈ చిప్‌లో ఒక పూర్తి చుట్టు: సుడి వేగం సెకనుకి 2.6 మి.మీ., చుట్టు దారి సుమారు రెండు వెడల్పులు, ఒక ఎత్తు, అంటే 1.11 మి.మీ. 0.43 సెకన్లు. ఆ సమయంలో ముందుకి దాదాపు 13 సెం.మీ. మీ స్పైరల్ పొడవు కూడా 13, అదృష్టవంతులు. 6.5 సెం.మీ. చిప్ చేసుంటే 6 లన్నీ సరిగ్గా లోపలి గోడ దగ్గర ఉండగా చీలిక వచ్చేది, మొత్తం తిరగబడేది. ఫ్లో పెంచితే చుట్టు పొడవు తగ్గుతుంది, కాబట్టి 0.8 నుంచి 1.2 దాకా 0.05 మెట్లలో చూసి ఆపండి. నష్టం ఒకటే, నిమిషానికి 100 మైక్రోలీటర్ల సరుకే పోతుంది.

స్పైరల్_సుబ్బు (#32)
నాకు 20 మి.లీ. ఒక గంటలో అవ్వాలి. 100 చొప్పున 200 నిమిషాలు, కుదరదు. లోపలిది పట్టి మళ్ళీ అదే చిప్‌లో పోస్తే?

రేనాల్డ్స్_రాజు (#33)
అది తేలిక. 22 లో 22 శాతం, దాదాపు 5. ఒక చిక్కుంది. 20 మి.లీ. మొదటిసారికి 4.2 మి.లీ. అవుతుంది, అలాగే నడిపితే 4 నిమిషాల్లో అయిపోతుంది, అందులో మొదటి నిమిషం పైన ఫ్లో కుదురుకోవడానికే పోతుంది. మళ్ళీ 20 కి పలచన చేసి నడపండి.

కొత్త_పూస (#34)
ఇదే స్పైరల్‌లో బాక్టీరియాని, అంటే 1 మైక్రాన్ వాటిని ఫోకస్ చేయొచ్చా?

రేనాల్డ్స్_రాజు (#35)
0.07 లెక్కలో ఎత్తు 14 మైక్రాన్లు దాటకూడదు. అంత పలచన చేస్తే ప్రెషర్ ఆకాశంలో ఉంటుంది. పాలిమర్ దారి పట్టండి: పాలీఇథిలీన్ ఆక్సైడ్, అణుభారం 20 లక్షలు, 100 మి.లీ.లో 50 మి.గ్రా. 20 × 20 సూటి ఛానెల్, నిమిషానికి కొన్ని మైక్రోలీటర్లు. ద్రవం సాగే గుణమే పూసల్ని మధ్యకి నెడుతుంది. పొడిని నీళ్ళ మీద చల్లి రాత్రంతా నెమ్మదిగా ఊపండి. అయస్కాంతం పెట్టి గిరగిరా తిప్పితే గొలుసులు తెగి, చూడ్డానికి ద్రావణం బాగానే ఉంటుంది, ఫోకస్ మాత్రం రాదు. వారం పాతది వాడొద్దు.

పీడీఎంఎస్_పెద్దన్న (#36)
గది ఉష్ణోగ్రత ఎవరూ అడగలేదు. నీటి చిక్కదనం 20 డిగ్రీల్లో 1.00, 30 లో 0.80. మే నెలలో ఏసీ ఆగిన మధ్యాహ్నం రేనాల్డ్స్ సంఖ్య 25 శాతం పెరిగి కూర్చుంటుంది. చీలిక నిష్పత్తి మారదు, అన్ని కొమ్మలకీ ఒకే చిక్కదనం. బ్యాండ్ చోటు, రాజు చెప్పిన చుట్టు పొడవు మాత్రం మారతాయి. ప్రతి రన్‌కీ ఉష్ణోగ్రత రాసుకోండి.

స్పైరల్_సుబ్బు (#37)
0.25 ముక్క 2.5 సెం.మీ. పెట్టా. వాటా 21. ఒకసారికి 6 లు 22 శాతం, 15 లు 94. పలచన చేసి రెండోసారి: 6 లు 5 శాతం, 15 లు 88. రెండూ కలిపి 45 నిమిషాలు. 15 లు 94 నుంచి పైకి రావట్లేదు, అదొక్కటే.

లామినార్_లక్ష్మి (#38)
ఆ 94 ని ఎలా తేల్చారు? బయటి ట్యూబులో 15 లు లెక్కపెట్టా? మొదట మి.లీ.కి లక్ష వేశారనుకుందాం. 6 శాతం జారితే బయటి ట్యూబులో మి.లీ.కి 7,600. లెక్కింపు గాజు మీద ఒక పెద్ద గడిలో 0.1 మైక్రోలీటరు ఉంటుంది, అంటే గడికి ఒకటి కూడా రాదు. తొమ్మిది గడులు వెతికినా ఏడు పూసలు. ఏడు పూసల లెక్కలో పొరపాటు 38 శాతం. మీ 94 నిజానికి 92 కావచ్చు, 96 కావచ్చు.

బయటి ట్యూబు నుంచి 10 మి.లీ. తీసి, ఉప్పు వల్ల దిగవు కాబట్టి ముందు సగానికి పలచన చేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 0.2 మి.లీ.కి కుదించి లెక్కపెట్టండి. 50 రెట్లు చిక్కబడుతుంది. పైన తీసేసిన నీళ్ళలో కూడా ఒక చుక్క చూడండి. ట్యూబు గోడలకి అంటుకోకుండా ట్వీన్ ఉండాలి.

స్పైరల్_సుబ్బు (#39)
గడికి 39 దాకా వచ్చాయి. తొమ్మిది గడుల్లో 351. లెక్క వేస్తే జారినవి 6 శాతమే, 94 నిజమే. కానీ ఒకటి గమనించా, బయట దొరికిన వాటిలో సగం దాకా రెండేసి అతుక్కున్న జంటలే.

మైక్రాన్_మామ (#40)
జంట ఒంటి పూసలా ఆ గీత మీద నిలవట్లేదు, 125 కోతకి అవతల పడుతోంది. స్టాక్‌ని బాత్ సోనికేటర్‌లో (ధ్వనితో కుదిపే నీళ్ళ తొట్టిలో) 2 నిమిషాలు పెట్టి, 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి వేయండి. జంటల్ని జల్లెడ ఆపదు, సోనికేషనే విడగొట్టాలి, జల్లెడ పెద్ద ముద్దల కోసం.

బుడగ (#41)
పిల్లర్_పక్షం గారూ, వింటున్నారా, జంటలు స్పైరల్‌కీ పడవు.

గొట్టాల_గోపి (#42)
సుబ్బూ, 0.25 ముక్కలు నాలుగైదు ముందే కోసి పెట్టుకో. కత్తెర వద్దు, కొత్త బ్లేడు నిటారుగా. కత్తెరతో కోస్తే చివర నొక్కుకుపోయి కన్నం కోలగా అవుతుంది, 2.5 సెం.మీ. ముక్క 4 సెం.మీ. ముక్కలా ప్రవర్తిస్తుంది. ప్రతి కొత్త ముక్కకీ 5 నిమిషాల తూకం మళ్ళీ.